మొదటి వరుస దగ్గర ఆగిపోకండి

మా చిన్నాయన కొడుకు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. సన్నటి మనిషి. గుంత మగ్గంలో కాళ్ళు దింపుకొని కూర్చున్నాడంటే పొద్దు వాలేదాకా లేవడు. 37 ఏళ్ళ వయసులో ఏదో పాలసీ కోసం రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితం నా దగ్గరికి తెచ్చాడు.

“అన్నా, దీంట్లో ఏమన్నా భయముందా?”

మొదటి వరుస చూశాను. టోటల్ కొలెస్ట్రాల్ 186. పక్కనే 200 కంటే తక్కువ ఉండాలని అచ్చువేసి ఉంది.

“ఏం లేదప్పా. 200 లోపలే ఉండాది. ఈ ఒంటికి కొవ్వెక్కడ పడుతుంది?” అన్నాను.

వాడు కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి వాడికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి.

నేను డాక్టరును కాను. కానీ ఇంట్లో నాలుగు ముక్కలు చదువుకున్నవాడిని కాబట్టి అందరూ రిపోర్టులు నాకే చూపిస్తారు. మీ ఇంట్లో ఆ మనిషి మీరే కావచ్చు. ఆ రోజు నేను చదవకుండా వదిలేసిన నాలుగు వరుసల గురించే ఈ అధ్యాయం.

కాగితంలో లేని అంకె

వాడు ఆస్పత్రిలో ఉండగా బీరువాలోంచి ఆ కాగితం తీసుకొని కింది దాకా చదివాను. టోటల్ 186. ట్రైగ్లిజరైడ్లు 310. హెచ్డీఎల్ 29. వీఎల్డీఎల్ 62. ఎల్డీఎల్ 95.

రక్తం నీళ్ళలాంటిది, కొవ్వు నీళ్ళలో కలవదు. అందుకే కాలేయం కొవ్వును ప్రొటీన్ పొరలో చుట్టి, చిన్న చిన్న మూటలుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. అన్నం, చక్కెర, నూనె, మద్యం, ఏది ఎక్కువైనా మిగిలినదాన్ని ఒళ్ళు ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. అవి నిండుగా ఉన్న మూటలు వీఎల్డీఎల్. వాటిలోని కొవ్వు ఒంటికి పంచడం అయిపోయాక, కొలెస్ట్రాల్ ఎక్కువగా మిగిలిన చిన్న మూట ఎల్డీఎల్. రక్తనాళం గోడలోకి దూరి కూర్చునేది ప్రధానంగా ఇదే. హెచ్డీఎల్ మూటలు మాత్రం మిగులు కొలెస్ట్రాల్‌ను కాలేయానికి తిరిగి చేరుస్తాయి. అందుకే దీన్ని మంచి కొవ్వంటారు. మగవాళ్ళకు ఇది 40కి పైన, ఆడవాళ్ళకు 50కి పైన ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, ఎల్డీఎల్ 100 లోపు ఉండాలి. ఈ అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాముల లెక్క.

మా వాడి కాగితంలో ఎల్డీఎల్ కూడా 95. అంటే చెడ్డ కొవ్వు వరుస చదివినా నేను మోసపోయేవాడినే. చాలా ల్యాబుల్లో ఎల్డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. టోటల్‌లోంచి హెచ్డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగించి అదీ తీసేస్తారు. 1972లో ఫ్రీడ్వాల్డ్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి చెప్పిన సూత్రమిది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క తప్పుదారి పడుతుంది. 400 దాటితే అసలు వాడకూడదు. 186లోంచి 29, ఆ తర్వాత 62 తీసేస్తే 95 వచ్చింది, పక్కన ‘నార్మల్’ అని పడింది.

మీకు కావలసిన అంకె ఆ కాగితంలో చాలాసార్లు ఉండదు. మీరే తీసివేత చేసి తెలుసుకోవాలి. టోటల్‌లోంచి హెచ్డీఎల్ తీసేయండి. 186లో 29 పోతే 157. దీన్ని నాన్ హెచ్డీఎల్ అంటారు. గోడలోకి దూరగల మూటలన్నింటిలోని కొలెస్ట్రాల్ కలిపి ఇంత. మామూలు మనిషికి ఇది 130 లోపు ఉండాలి. మూడో తరగతి పిల్లవాడికి వచ్చే లెక్క ఇది. ఆ రోజు నేను చేసి ఉంటే “రేపే డాక్టరు దగ్గరికి పోదాం రా” అనేవాడిని.

ఇది మనవాళ్ళ తీరు

మా వాడిది అరుదైన కేసేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేయించి 2014లో ప్రచురించిన సర్వేలో నూటికి 79 మందికి కొవ్వు వరుసల్లో ఏదో ఒకటి గతి తప్పి ఉంది. టోటల్ కొలెస్ట్రాల్ పెరిగినవాళ్ళు నూటికి 14 మందే. హెచ్డీఎల్ తగ్గినవాళ్ళు మాత్రం 72 మంది. అంటే మనం ఏ వరుస చూసి ధైర్యపడతామో, మనవాళ్ళలో ఎక్కువమందికి అది బాగానే ఉంటుంది. తప్పేది కింది వరుసల్లో.

హెచ్డీఎల్ తగ్గడానికీ పడుచువాళ్ళ పక్షవాతానికీ సంబంధం ఉందని తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ వైద్యులు 2007లో చూపించారు. రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చిన 15 నుంచి 45 ఏళ్ళ దక్షిణ భారతీయులను తీసుకొని, అదే వయసున్న ఇతరులతో పోల్చి చూశారు. పొగతాగడం, పెరిగిన బీపీ, పరగడుపున పెరిగిన షుగర్, తగ్గిన హెచ్డీఎల్, ఈ నాలుగూ బలంగా తేలాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం తమ ఆస్పత్రి పక్షవాతం రోగుల ఏడాది లెక్కను 2002లో ప్రచురించింది. పెద్ద నాళాల్లో పూడిక వల్ల వచ్చినవే అందులో ఎక్కువ. ఆ పూడిక కూడా మెడలోని నాళాల కంటే పుర్రె లోపలి నాళాల్లోనే ఎక్కువగా కనిపించింది. లోపలి నాళాన్ని మెడలో దానిలాగా కోసి శుభ్రం చేయడం కుదరదు. అందుకే ముందే అడ్డుకోవడం మనకు మరీ అవసరం.

పూడిక అనగానే బోరునీళ్ళ పైపులో సున్నం పేరుకోవడం గుర్తొస్తుంది. అనంతపురం, హిందూపురం వైపు ఆ పైపులు చూడనివాళ్ళుండరు. నాళంలో జరిగేది అలా కాదు. కొవ్వు నాళం లోపలి పొర కింద, గోడలోకే దూరుతుంది. దాన్ని తినడానికి తెల్లరక్తకణాలు వస్తాయి, తిని అక్కడే చస్తాయి. చెమ్మ పట్టిన గోడకు సున్నం ఉబ్బినట్టు ఆ చోటు ఉబ్బుతుంది. ఇదంతా ఇరవైల్లోనే మొదలు కావచ్చు, నొప్పి మాత్రం ఉండదు. ఒకరోజు ఆ పెచ్చు పగులుతుంది. పగులు కనబడగానే గాయమైందనుకొని రక్తం అక్కడ గడ్డ కడుతుంది. ఆ గడ్డ అక్కడే అడ్డుపడినా, కొట్టుకుపోయి మెదడులోని చిన్న నాళంలో ఇరుక్కున్నా, దాని అవతలి భాగానికి రక్తం అందదు. సగం కూడా మూసుకోని నాళంలో సైతం పెచ్చు పగలవచ్చు. “నిన్నటిదాకా దుక్కలా ఉన్నాడే” అని అందరూ ఆశ్చర్యపోయేది ఇందుకే.

పక్షవాతం ప్రతిసారీ కొవ్వు వల్లే వస్తుందని అనుకోవద్దు. ప్రపంచంలో వచ్చే పక్షవాతాల్లో నూటికి 10 నుంచి 15 దాకా 50 ఏళ్ళలోపు వాళ్ళకే వస్తాయి. వాళ్ళలో కారణాలు పలు రకాలు. కీళ్ళజ్వరంతో చెడిన గుండె కవాటం, మెడలోని నాళం లోపలి పొర చిరగడం, రక్తం త్వరగా గడ్డకట్టే జబ్బులు, బీపీ పెరిగి నాళం చిట్లడం. బాలింతలకు మెదడు సిరల్లో గడ్డ కట్టే రకం మరొకటి ఉంది. మన ఇళ్ళల్లో బాలింతకు నీళ్ళు తక్కువ ఇచ్చే అలవాటును దయచేసి మానండి. ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఈ కారణాలన్నీ వెతకడం డాక్టరు పని. కొవ్వు సంగతి మాత్రం ముందే తెలుసుకోవచ్చు, ముందే దించవచ్చు.

మూడు ఊళ్ళు, మూడు బతుకులు

ధర్మవరం మగ్గం కష్టం చూసినవాళ్ళు నేతగాడికి వేరే వ్యాయామం దేనికంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చేతులు నాడె విసురుతాయి, కాళ్ళు తొక్కుడు చెక్కలు తొక్కుతాయి, కళ్ళు జరీ అంచు మీదుంటాయి. నడుము మాత్రం ఉదయం నుంచి రాత్రి దాకా ఒకేచోట. గుండె వేగంగా కొట్టుకునే పని అందులో తక్కువ. మధ్యమధ్యలో టీ, ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర, పక్కన బీడీ. పండగల ముందు చీర దించాల్సిన తొందరలో రాత్రులు కూడా గడిచిపోతాయి. మా వాడు రోజుకు ఎనిమిది టీలు తాగేవాడు. చక్కెర మాత్రమే లెక్కేసినా పదహారు చెంచాలు. ఆ 310లో కొంత అక్కడి నుంచి వచ్చిందే.

పెనుకొండ కథ వేరు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల పిల్లలు వందలకొద్దీ షిఫ్టుల బతుకులోకి వచ్చారు. 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా ధాబాలు, బేకరీలు వెలిశాయి. రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున పఫ్, కూల్‌డ్రింకుతో కడుపు నింపుకొని పగలంతా పడుకునే పాతికేళ్ళ పిల్లలకు ఒక మాట. రాత్రి పని మానమని చెప్పే హక్కు నాకు లేదు. ఆ జీతం మీద ఇల్లు నడుస్తోంది. కానీ రాత్రి పనిచేసేవాళ్ళకు నడుం చుట్టూ కొవ్వు చేరడం, ట్రైగ్లిజరైడ్లు పెరగడం ఎక్కువని ఎన్నో దేశాల్లో చూశారు. కాబట్టి షిఫ్టుకు ముందు ఇంటి భోజనం చేయండి. షిఫ్టు మధ్యలో ఉడికించిన శెనక్కాయలో మజ్జిగో తీసుకోండి. తీపి పానీయం ముట్టకండి. సెలవు రోజు కొండెక్కండి. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన కోట మీ ఊరి నెత్తినే ఉంది. పర్యాటకులు గగన్‌మహల్ ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు, మీరు పైదాకా వెళ్ళి రండి.

హిందూపురంలో నా దిగులు ఆడవాళ్ళ గురించి. తూముకుంట వైపు పరిశ్రమల్లో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో కుట్టుమిషను ముందు కూర్చునేవాళ్ళు, పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాళ్ళు ఇంట్లో అందరికీ డబ్బా కట్టి తాము ఏదో ఒకటి తిని బయల్దేరతారు. తమకోసం ఒక్క పరీక్ష చేయించుకోరు. ఇంటికి వచ్చే ఏఎన్ఎం 30 దాటినవాళ్ళకు బీపీ, షుగర్ చూస్తుంది. రక్తంలో కొవ్వు ఆ జాబితాలో లేదు, అది మీరే అడిగి చేయించుకోవాలి. థైరాయిడ్ తగ్గితే ఎల్డీఎల్ పెరుగుతుంది. పీసీఓడీ ఉన్నవాళ్ళకు ట్రైగ్లిజరైడ్లు పెరిగే అవకాశం ఎక్కువ. గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్ళు బీపీ, పొగాకు అలవాటు, చూపు మసకబారే మైగ్రేన్ తలనొప్పి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక ఒళ్ళు సన్నగా ఉంటే కొవ్వు లేదనుకోవడం. మనవాళ్ళలో చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్టలో కొవ్వు దాగినవాళ్ళు ఎందరో. పుణె వైద్యుడు యాజ్ఞిక్ దీని గురించి చాలా ఏళ్ళు పనిచేశారు. బరువు కంటే నడుము కొలత నమ్మదగింది. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. మా వాడికి నేను మూరల్లో చెప్పాను. రెండు మూరల గుడ్డ నడుం చుట్టూ తిరిగి అంచులు కలవాలి. వాడి బొడ్డు దగ్గర నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

ఎప్పుడు, ఎలా చూపించుకోవాలి

భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొదటి లిపిడ్ పరీక్ష 18 ఏళ్ళకే చేయించాలి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళుంటే ఇంకా ముందే. మొదటి పరీక్షకు పరగడుపున ఉండాల్సిన అవసరం లేదని కూడా అందులో ఉంది. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగి కనిపిస్తే మళ్ళీ పరగడుపున చేస్తారు. ఈ ఒక్క సడలింపు కూలికి పోయేవాళ్ళకు ఎంత మేలో! పొద్దున పని మానుకోనక్కరలేదు, సాయంత్రం పోయి రక్తం ఇచ్చి రావచ్చు.

అదే మార్గదర్శకాల్లో మరో పరీక్ష ఉంది. దాని పేరు లైపోప్రొటీన్ లిటిల్ ఎ. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది, తిండితో పెద్దగా మారదు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా ముప్పులన్నింటినీ మరింత గట్టిగా అదుపు చేయాలని అర్థం.

ఎల్డీఎల్ 190 దాటిందంటే మాత్రం తిండిని తిట్టుకోకండి. అది పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. కాలేయం మీద ఎల్డీఎల్ మూటలను పట్టి లోపలికి లాగే గ్రాహకాలుంటాయి. వాటిని కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకాలు సగమే పనిచేసేవాళ్ళు ప్రపంచంలో దాదాపు 250 మందికి ఒకరుంటారు. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కివ్వడం మామూలు. ఇలాంటి సంబంధాల్లో రెండువైపులా అదే లోపం కలిసి బిడ్డకు చేరే ప్రమాదం పెరుగుతుంది. పిల్లల మోచేతుల మీద, వేళ్ళ కణుపుల మీద, మడమ వెనుక నరం మీద పసుపుపచ్చ గడ్డలు కనిపిస్తే పులిపిర్లని వదిలేయకుండా రక్తం చూపించండి. ఒకరికి తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు అందరికీ చూపించాలి.

తిండి గురించి నిజం

కొవ్వు అనగానే మన ఇళ్ళల్లో మొదట మానేది గుడ్డు, రెండోది ఆదివారం మాంసం. అవి తగ్గించుకుంటే మంచిదే. కానీ మా వాడి కాగితంలోని 310ని పెంచింది వారానికోసారి తినే నాటుకోడి కాదు. రోజూ మూడుపూటలా దిగే తెల్లన్నం, టీలో చక్కెర, సాయంత్రం బేకరీ, వారాంతపు మందు. ట్రైగ్లిజరైడ్ల మంచి గుణం ఏమిటంటే మాట వింటాయి. చక్కెర, మద్యం మానేసి, అన్నం సగానికి తగ్గిస్తే వారాల్లోనే దిగడం మొదలుపెడతాయి. నా మటుకు నేను ఒక పని ముందు చేయమంటాను. టీలో చక్కెర ఒక్క వారంలో సగం చేయండి, నెలలోపు మానండి. మిగతావన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

మన అవ్వల తిండిలోనే మందుంది అని గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు. వాళ్ళు ముద్ద తిని పొలంలో పొద్దంతా వంగారు, మనం ముద్ద తిని సెల్‌ఫోన్ చూస్తున్నాం. అయినా కొన్ని పనికొస్తాయి. ఉలవలు, అలసందలు, అనప గింజలు, పితికిపప్పు కూర. వీటిలోని పీచు పేగుల్లో కొలెస్ట్రాల్‌ను కొంత పట్టుకొని బయటికి పంపుతుంది. రాగిముద్ద మంచిదే, కానీ రెండు ముద్దలు ఒకటి కావాలి, ఆకుకూర రెండింతలు కావాలి. శెనగనూనెలో ఐదో వంతు మాత్రమే పేరుకునే రకం (సంతృప్త) కొవ్వు. పామాయిల్‌లో అది దాదాపు సగం. మన నేలలో పండిన శెనక్కాయ నూనె వాడుకోవడంలో తప్పులేదు, కొలత ముఖ్యం. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు దాటకూడదు. ఉగ్గాని ఇంట్లో చేసుకుంటే తేలిక తిండే. దాని పక్కన పెట్టే బజ్జీలతోనే చిక్కు, అందులోనూ పొద్దున్నుంచి అదే నూనెలో వేగుతున్న బజ్జీలతో.

పొగాకు ఏ రూపంలోనైనా మానాలి. బీడీ, సిగరెట్, గుట్కా, వక్కాకులో పొగాకు. పొగ మానితే హెచ్డీఎల్ కొంత పెరుగుతుంది కూడా. నడక వారానికి 150 నిమిషాలు, ఊపిరి కాస్త వేగంగా ఆడేలా. హెచ్డీఎల్ పెంచే మాత్రలంటూ ఎవరైనా అమ్మితే కొనకండి. హెచ్డీఎల్‌ను పెంచే మందులు ఒకటికి రెండుసార్లు పెద్ద పరీక్షల్లో విఫలమయ్యాయి. అంకె పెరిగింది కానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. హెచ్డీఎల్ తక్కువగా ఉండడం ఒక హెచ్చరిక. దించాల్సింది మాత్రం ఆ 157ని, అంటే నాన్ హెచ్డీఎల్‌ను.

మాత్ర అంటే భయం

తిండి, నడకతో దిగకపోతే, లేదా ముప్పు ఎక్కువగా ఉంటే డాక్టర్లు స్టాటిన్ రాస్తారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట అని భయపడేవాళ్ళకు దాని పుట్టుక చెబుతాను. జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో వేల రకాల బూజులను వెతికి, 1973లో క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యం మీద దొరికిన నీలిపచ్చ బూజులో ఈ గుణాన్ని పట్టుకున్నాడు. కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేయడాన్ని అది తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం రక్తంలోని ఎల్డీఎల్‌ను మరింతగా లాక్కుంటుంది. మోతాదును బట్టి ఎల్డీఎల్ 30 నుంచి 50 శాతం దిగుతుంది. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగర్ కాస్త పెరగవచ్చు. వస్తే డాక్టరుకు చెప్పాలి, మందో మోతాదో మారుస్తారు. గర్భం కోరుకునేవాళ్ళు ముందే అడగాలి. సొంతంగా ఆపేయడం మాత్రం చేయకండి.

కొవ్వు వల్ల పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్ళకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. వాళ్ళలో ఎల్డీఎల్‌ను 70 లోపు ఉంచితే మళ్ళీ రావడం తగ్గుతుందని 2020లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మా వాడు ఆరు నెలలు వేసుకొని, బాగానే ఉన్నానని ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టించడానికి నేను ధర్మవరం మూడుసార్లు పోవాల్సొచ్చింది.

ఆ ఉదయం పోగొట్టుకున్న గంటలు

పక్షవాతానికి మూడు వారాల ముందు వాడి వేళ్ళలోంచి పట్టుపోగు జారిపోయింది. పది నిమిషాలు కుడిచెయ్యి మొద్దుబారి, మళ్ళీ మామూలైంది. నిద్ర చాలక అనుకున్నాడు. అది ముందస్తు కబురు. అలా వచ్చి పోయినదానికి మొదటి రెండు రోజులు మరీ ప్రమాదం. తగ్గిపోయినా సరే అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

అసలు రోజున ఉదయం ఆరున్నరకు నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఒక పక్కకు కారిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంట్లో పెద్దావిడ “గాలి సోకినట్టుంది, కాసేపు పండుకోనీ” అంది. మధ్యాహ్నానికి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఎవరో పసరు మందు పోసే చోటు చెబితే ముందు అక్కడికి తీసుకెళ్ళారు. ఆస్పత్రి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: “ఎన్ని గంటలకు మొదలైంది?”

ఆరున్నర అని చెప్పగానే ఆయన మొహం మారడం నేను చూశాను. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. కొందరికి పెద్ద నాళంలోని గడ్డను తీగతో లాగే చికిత్స 24 గంటల దాకా చేయవచ్చు. అది అన్ని ఆస్పత్రుల్లో ఉండదు, అందరికీ పనికిరాదు. నాళం మూసుకున్నాక మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కగట్టారు.

అందుకని ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గరలో రాత్రీపగలూ సీటీ స్కాన్ ఉండి, ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. పెనుకొండ, ధర్మవరం వాళ్ళకు అది అనంతపురంలో కావచ్చు, హిందూపురం వాళ్ళకు బెంగళూరు దారిలో కావచ్చు. పేరు, నంబరు గోడ మీద రాసిపెట్టండి. మూతి వంకర, చెయ్యి కిందికి వాలిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూసి 108కి ఫోన్ చేయండి. నిద్ర లేచేసరికే ఉంటే, చివరిసారి బాగా ఉన్నప్పటి సమయం చెప్పండి. నోట్లో నీళ్ళు, మందు, పసరు ఏదీ పోయకండి. ఆస్పిరిన్ కూడా వద్దు. నాళం మూసుకుందో చిట్లిందో స్కాన్ తీసేదాకా ఎవరికీ తెలియదు, చిట్లినవాడికి ఆస్పిరిన్ చేటు.

ఇప్పుడు మా వాడు నడుస్తాడు. మాట బాగుపడింది. కుడిచెయ్యి నాడె విసరలేదు, మగ్గం మీద వాళ్ళావిడ కూర్చుంటోంది. వాడు ఎడమచేత్తో రాట్నం తిప్పి కండెలు చుడతాడు. టీలో చక్కెర లేదు, బీడీ లేదు. మొన్నటి పరీక్షలో ఎల్డీఎల్ 64.

వాళ్ళ అబ్బాయికి ఈ ఉగాదికి 18 నిండాయి. అనంతపురంలో చదువుతున్నాడు. రక్తం చూపించుకొని రమ్మన్నాను. పోయిన ఆదివారం ధర్మవరం వెళ్తే కాగితం తెచ్చి చూపించాడు.

“పెదనాయనా, టోటల్ 171. బాగానే ఉంది కదా?”

“అది ఉండనీ. కింది నుంచి చదువు.”

ట్రైగ్లిజరైడ్లు 168. హెచ్డీఎల్ 36. పెన్ను చేతికిచ్చాను. 171 కింద 36 రాసుకొని తీసివేశాడు. 135 వచ్చింది. మగ్గం పక్కన వాళ్ళ నాయన రాట్నం తిప్పడం ఆపి, ఎంతొచ్చిందని అడిగాడు.